గడపకు కట్టిన పడుగు

ఆ ఎండాకాలం మొదలయ్యేసరికి మా అత్త ఉప్పలమ్మకు ఇంట్లో ఎవరి పేరూ గుర్తులేదు. నన్ను ఒక పూట తన ఆడబిడ్డ అనుకునేది, ఇంకో పూట నూలు కండెలు చుట్టడానికి కూలికొచ్చిన మనిషి అనుకునేది. తిన్న అరగంటకే ఆకలంటూ వచ్చేది. కాని వీధి తలుపుకు తాళం వేస్తే మాత్రం ఆమెకు తెలిసిపోయేది. వెనక గదిలో కళ్ళు మూసుకుని పడుకున్నా లేచొచ్చి, రెండు చేతులతో తలుపు పట్టుకుని ఊపేది. మగ్గం గుంటలో కూర్చున్న మా ఆయన శ్రవణ్‌కుమార్ ఆ చప్పుడుకు, అడ్డపోగు నేసే నాడె ఆపి, చప్పుడు ఆగాక మళ్ళీ నేసేవాడు.

ఆ తాళం శివరాత్రి నుంచి. ఆ రోజు ఆమె ఎప్పుడు బయటికి పోయిందో మాకు తెలియలేదు. చిట్యాల దగ్గర హైవే పక్కన చెప్పులు లేకుండా నడుస్తుంటే మా వాడకట్టు హనుమంతు చూసి, బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. నల్లగొండలో చూపిస్తే డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఇది వెనక్కి తిరిగే దారి కాదని, బయటికి పోకుండా కాచుకోవడమే ముఖ్యమని అన్నాడు. మా బావ పరమేశ్వర్, అంటే మా ఆయనకు అన్న, హైదరాబాద్‌లో కరెంటాఫీసులో పని చేస్తాడు. ఆయన అదే వారం నగరం శివార్లలో ముసలివాళ్ళను ఉంచే ఒక హోమ్ చూసి వచ్చాడు. పంపుదామని ఆయన, ఈ ఎండాకాలం చూద్దామని నేను. అది ప్రేమ అని ఇప్పుడు చెప్పుకోలేను. కోడలు చూసుకోలేకపోయిందని వాడకట్టంతా అంటుందన్న భయమే ఎక్కువ.

మార్చిలో హిబా వచ్చింది.

హిబా చిట్యాల పిల్లే. వాళ్ళ నాయిన అబ్దుల్ ఖాదర్‌కు బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. చదువు హైదరాబాద్‌లో, ఆపైన ఢిల్లీలో. ఇప్పుడు యూనివర్సిటీలో ఆరోగ్య ఆర్థికశాస్త్రం మీద పరిశోధన. కోస్గి నుంచి ఆలేరు దాకా, మతి తప్పిన పెద్దవాళ్ళున్న రెండు వందల ఇండ్లను ఎంచుకుని తిరుగుతోంది. డాక్టరమ్మవా అని నేనడిగితే తల అడ్డంగా ఊపింది.

"కాదక్కా. రోగం సంగతి డాక్టర్లు చూస్తరు. రోగమొచ్చిన మనిషిని ఎవరు చూస్తున్నరో నేను చూస్త."

"చూసుడు గూడ ఒక నౌకరేనా?" అన్నాడు మా ఆయన నవ్వి.

"మీ ఇంట్ల ఒకరు చేస్తున్నరు గద అన్నా. ఎన్ని గంటల నౌకరో నువ్వు చెప్తవా?"

ఆ లెక్క ఆయనకు తెలియదు. నిజానికి నాకూ తెలియదు.

ఆమె ఇచ్చిన కాగితంలో రోజును పావుగంటల కింద కోసి పెట్టారు. తొంభై ఆరు గడులు. ప్రతి గడిలో ఏం చేశానో రాయాలి. స్నానం, తిండి, బట్టలు మార్చడం, కాపలా. నాకు ఏ పనైనా నిక్కచ్చిగా చేయడం అలవాటు, బియ్యంలో రాయి కనపడితే మళ్ళీ మొదటి నుంచి ఏరే మనిషిని. కాబట్టి గోడ గడియారం చూసి మరీ రాశాను. మూడో రోజు సాయంత్రం ఆ కాగితం ముందు పెట్టుకుని గడులు లెక్కపెట్టాను. స్నానానికి మూడు గడులు, తిండికి తొమ్మిది. మెలకువగా ఉన్న మిగతా గడుల్లో దాదాపు అన్నింటిలో ఒకే మాట: కాపలా. వండుతూ కాపలా, కండెలు చుడుతూ కాపలా. డిగ్రీ దాకా చదివాను, నా రోజు నాకు కాగితం మీద కనపడటం అదే మొదటిసారి.

అడుగున ఇంకో ప్రశ్న ఉంది. మనిషి బయటికి పోకుండా ఇంట్లో ఏం వాడుతున్నారు? తాళం, గొళ్ళెం, తాడు, నిద్రమందు, ఏదీ లేదు. తాళం దగ్గర టిక్కు పెట్టాను.

ఇవన్నీ ఎందుకమ్మా అంటే హిబా ఓపికగా చెప్పింది. దవాఖానలో మంచాలెన్నో సర్కారు దగ్గర రాసి ఉంటుందట. ఇండ్లల్లో ఈ జబ్బు మనుషులను ఎవరు, రోజుకు ఎన్ని గంటలు కాస్తున్నారో ఎక్కడా రాసి లేదట. అది తెలిస్తే గదా, పగటిపూట వీళ్ళను చూసుకునే జాగాలు ఊళ్ళల్లో పెట్టమని అడగగలిగేది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆ సంగతి జరిగింది.

మా ఆయన కొత్త పడుగు తెచ్చాడు. పడుగంటే మగ్గానికెక్కే నిలువు పోగులు. పోగులు తెగాయేమో చూసుకోవడానికి దాన్ని ముందరి అరుగు మీద, స్తంభం నుంచి కిటికీ ఊచ దాకా మోకాలెత్తున బిగించి కట్టి, భోజనానికి లేచాడు. అంతలో గ్యాసుబండ తెచ్చినతను వచ్చి వెళ్ళాడు. నేను తాళం మరిచిపోయాను. వంటింట్లోంచి తల తిప్పి చూస్తే వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ తలుపుకు ఎదురుగా, పడుగుకు ఇవతల, మా అత్త నిలబడి ఉంది.

నేను పరుగెత్తలేదు. ఎందుకో అక్కడే ఆగిపోయాను.

ఆమె పడుగును చూసింది. పోగుల వెంబడే స్తంభం దాకా నడిచింది. అక్కడ దారి లేదు. వెనక్కి తిరిగి కిటికీ దాకా నడిచింది. అక్కడా లేదు. నిమ్మళంగా కింద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నెల రోజులుగా తలుపును ఊపి ఊపి మోచేతులు వాచిన మనిషి.

దగ్గరికెళ్ళి కూర్చున్నాను. "అత్తా, బయటికి పోవా?"

"పడుగున్నది గద," అంది.

మా సాలోళ్ళ వాడలో పరిచిన పడుగును ఎవరూ దాటరు. పైనుంచి కాలెత్తరు, కిందనుంచి దూరరు. వీధి పొడుగునా ఉంటే వీధి పొడుగునా చుట్టు తిరిగిపోతారు, చావు కబురు మోసుకుపోయేవాళ్ళైనా సరే. ఎందుకని ఎవరూ అడగరు. పిల్లలకు అక్షరాల కంటే ముందు ఒంటబట్టే సంగతి ఇది. నేనూ అలాగే పెరిగాను. అయితే కడుపున పుట్టిన కొడుకుల పేర్లు పోయాక కూడా అది ఒక మనిషిలో నిలబడి ఉంటుందని నాకు తట్టలేదు. ఏదో పెద్ద గుడి లోపల నిలబడి, తలెత్తితే పైకప్పు కనపడనట్టు అనిపించింది.

నమ్మకం కుదరక మర్నాడు పరీక్షలు పెట్టాను. బట్టలారేసే నైలాన్ తాడు కడితే ఆమె చీర కుచ్చిళ్ళెత్తి హాయిగా దాటింది. పాత చీర కడితే పక్కకు నెట్టింది. ఒంటి పోగు కట్టాను, కంటికి ఆనలేదేమో, తెంపుకుంటూ పోయింది. బెత్తెడు వెడల్పున నూలు, బిగించి, పడుగులా పరిస్తే ఆగింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ ఆగింది. మా ఆయన వెనక నిలబడి చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి, మగ్గం దగ్గర మిగిలిన నూలంతా తెచ్చి, గడపకు అడ్డంగా, అరుగు స్తంభం నుంచి కిటికీ ఊచ దాకా తనే ఒక చిన్న పడుగు కట్టాడు. తాళం తీసి నాకిచ్చాడు.

ఐదు వారాలు ఆ తలుపు తెరిచే ఉంది. పోయి వచ్చేటప్పుడు మేము పడుగు ఒక కొస విప్పి, మళ్ళీ కట్టుకునేవాళ్ళం. ఇంట్లోకి గాలి వచ్చింది, వీధి వచ్చింది. మా అత్త పడుగుకు ఇవతల పీట వేసుకుని కూర్చునేది. పోయేవాళ్ళు అవతల నిలబడి పలకరించేవాళ్ళు, మీరెవరని అడగకుండానే ఆమె జవాబు చెప్పేది. వేళకు తినడం మొదలుపెట్టింది. మోచేతుల వాపు తగ్గింది. నా కాగితంలో కాపలా గడుల మధ్య ఒక గడిలో రాశాను: ఎన్నో ఏళ్ళ తర్వాత పేపరు చదివాను.

హిబా వచ్చి ఆ గడప ముందు చెప్పులు విడిచి, పడుగును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. నేను కొస విప్పితే లోపలికొచ్చి మా అత్త పక్కన కూర్చుంది.

"అవ్వా, గీ నూలు తెంపుకొని పోవచ్చు గద. గింత సన్నగున్నది."

మా అత్త ఆమెను ఎగాదిగా చూసింది, బుద్ధి రాని పిల్లను చూసినట్టు. "ఎవరి కష్టమో బిడ్డా అది. తెంపుతరా ఎవరన్న?"

హిబా కాగితం మీద తాళం, గొళ్ళెం, తాడు, మందు అన్న మాటలను పెన్నుతో ఒక్కొక్కటే తాకుతూ పోయింది. ఏ గడిలోనూ పట్టక, పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఏదో రాసుకుంది.

"కోస్గి దిక్కు ఒక ఇంట్ల మంచానికి గొలుసు చూసినక్కా," అంది పోయేముందు, గొంతు తగ్గించి. "వాళ్ళు చెడ్డోళ్ళు గాదు. ఆ ఆడామె నా ముందట ఏడ్చింది. గిసొంటిది ఒకటి వాళ్ళ అవ్వ లోపల గూడ ఉండే ఉంటది. ఏందో ఎవరికి తెల్సు?"

నాకు గర్వం తలకెక్కింది. వాడకట్టులో ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా. ఫోన్‌లో బావకు చెబితే ఆయన నమ్మలేదు. నూలు పోగును నమ్ముకుని ఇల్లు తెరిచి పెడతావా అని కోప్పడ్డాడు.

మే రెండో వారం. రోళ్ళు పగిలే ఎండలు. ఒక ఉదయం గడప కడిగి, పడుగు మళ్ళీ కడుతున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. కిటికీ ఊచ దగ్గర ముడి సగం బిగించి లోపలికి పరుగెత్తాను. దింపి, గిన్నె తుడిచి, ఆ ముడి సంగతి మరిచిపోయాను. పొద్దెక్కేకొద్దీ పడుగు మెల్లగా వదులై, నడుమ కిందికి జారింది.

నేత ఇంట్లో పుట్టిన దాన్ని, నాకు తెలిసి ఉండాల్సింది. బిగువుగా ఉంటేనే అది పడుగు. వదులైందంటే పని అయిపోయిందని, ఇక చుట్టి తీసి లోపల పెట్టాలని అర్థం.

నేను పదకొండింటికి వచ్చి చూసేసరికి స్తంభానికీ కిటికీకీ మధ్య ఏమీ లేదు. నూలూ లేదు, మా అత్తా లేదు.

ఆ రెండు గంటల గురించి ఎక్కువ చెప్పను. మా ఆయన ఒక దిక్కు, నేనొక దిక్కు, హనుమంతు బండేసుకుని హైవే దిక్కు. ఆమె హైవే మధ్యలోకి నడిచిందట. విజయవాడ వైపు పోయే లారీ ఒకటి బ్రేకు కొట్టి, అడ్డం తిరిగి ఆగిందట. ఆమెకు ఏమీ కాలేదు, మోకాళ్ళు గీసుకుపోయాయంతే. హనుమంతు బండి దిగుతూ ఆమె చంకలోంచి నూలు చుట్ట తీసి నాకిచ్చింది.

"ఎండకు పెట్టకు, పోగులు తెగుతయి," అంది.

ఒక్క పోగు చిక్కుపడలేదు. ఎలా చుట్టాలో అలా, మడత మీద మడత చుట్టి ఉంది. ఆ చుట్ట తీసుకెళ్ళి నీడన పెట్టాను. ఆమెను చూసి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. అదే క్షణంలో ఇక ఒక్క రోజు కూడా నావల్ల కాదనిపించింది. రెండూ నిజమే.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "బావా, ఇగ నాతోని కాదు."

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆదివారం పొద్దున్నే వస్తానన్నాడు. హోమ్ మంచిదని, నర్సులుంటారని, చుట్టూ ఎత్తు గోడ ఉంటుందని చెప్పాడు. గేటుకు తాళం ఉంటదా అని అడిగాను. ఉంటది, అందుకే గద అన్నాడు.

మిగిలిన రోజుల్లో నర్సుకివ్వడానికి రెండు పేజీలు రాశాను. పేరు పెట్టి పిలిస్తే పలకదు, పెద్దక్కా అంటే పలుకుతుంది. ముద్ద చిన్నగా కలపాలి, పప్పు ముందు, పులుసు తర్వాత. నీళ్ళు తల మీద ఒక్కసారి పోస్తే భయపడుతుంది, పాదాల నుంచి మొదలుపెట్టాలి. రాసేకొద్దీ ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి. మా ఆయన మగ్గంలో కూర్చునేవాడు కాని చప్పుడు వినపడేది కాదు.

ఆదివారం తెల్లవారేసరికి హనుమంతు వీధిలో పడుగు పరిచాడు. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆకాశంలో మబ్బు పట్టింది, వాన రాకముందే పోగులు గట్టిపడేలా గంజి పెట్టుకోవాలని అతని తొందర. ఒక కొస మా ఇంటి పక్క కరెంటు స్తంభానికి కట్టి, మా ఇంటి ముందు నుంచి మూడిండ్ల అవతల దాకా నడుమెత్తున పరిచాడు. రెండో కొసకు తాడు కట్టి, ఒక మనిషి ఒళ్ళు వెనక్కి వాల్చి లాగి పట్టుకోవాలి. పట్టుకోవాల్సిన అల్లుడు రాలేదు. హనుమంతు తాడును ఒక రాయికి చుట్టి, అది జారినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి బిగిస్తూ, మళ్ళీ కుంచె పట్టుకుని గంజి రాస్తూ, అల్లుడిని తిట్టుకుంటున్నాడు.

బావ కారు సందు మొదట్లోనే ఆపాల్సి వచ్చింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను, తొందర తొందరగా వచ్చాడు. మా గడపకు సూటిగా రావాలంటే పడుగు అడ్డం. పోగుల మీద ఒక చెయ్యి వేసి, కిందనుంచి దూరడానికి వంగాడు. వంగి అలాగే ఆగాడు. ముప్పై ఏళ్ళయింది ఆ మనిషి మగ్గం ముట్టుకుని. నిటారుగా లేచి, చొక్కా సర్దుకుని, కరెంటు స్తంభం దాకా నడిచి చుట్టు తిరిగి వచ్చాడు. అరుగు మీద హిబా కూర్చుని ఉంది. మనిషి ఇల్లు వదిలిన రోజును తన కాగితంలో రాసుకోవాలి గనక పొద్దుటి బస్సుకే వచ్చింది. ఆమె ఇదంతా చూసింది. నేనూ చూశాను.

మా అత్తకు కొత్త చీర కట్టి, తల దువ్వి ఉంచాను. బావ సంచి భుజానికేసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మొండికేయలేదు. పడుగు దగ్గరికి రాగానే దారి తనకే తెలిసినట్టు పక్కకు తిరిగి, పోగుల వెంబడి తాడు కట్టిన కొస దిక్కు నడిచింది. వెనక నేను, నీళ్ళ సీసా, రెండు పేజీలు పట్టుకుని. మా ఆయన గడపలోనే ఉండిపోయాడు. కొస దాటితే కారు ఇరవై అడుగులు. డ్రైవరు వెనక తలుపు తెరిచి పెట్టాడు.

కొస దగ్గర ఆమె ఆగింది. రాయి మళ్ళీ జారింది. తాడు నేల మీదికి వంగింది, పడుగు నడుమ కుంగుతోంది. హనుమంతు అవతలి కొసన ఉన్నాడు, చేతులనిండా గంజి.

మా అత్త బావను తలెత్తి చూసింది. కొడుకని కాదు. పనివేళ ఊరికే నిలబడ్డ కూలిమనిషిని చూసినట్టు.

"ఏం చూస్తవు? కొస పట్టు."

ఆయన నా వైపు చూశాడు. సంచి దించి కింద పెట్టాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, మడమలు నేలకు తన్ని, వెనక్కి వాలాడు. మూడిండ్ల పొడుగునా పోగులన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. హనుమంతు అక్కణ్ణుంచే చూసి, కుంచె ఎత్తి దువ్వడం మొదలుపెట్టాడు.

మా అత్త పడుగు పక్కనే నడుస్తూ పోగులను చూసుకుంటోంది. తెగినచోట వేలు పెట్టి చూపిస్తే హనుమంతు వచ్చి ముడివేస్తున్నాడు. మబ్బు విడిచి పొద్దు పైకొచ్చింది. డ్రైవరు ఒకసారి వచ్చి, సార్, లేటైతాంది అన్నాడు. బావ తాడును ఇంకాస్త లాగి పట్టాడు. రెండోసారి వచ్చినప్పుడు, "నువ్వు పో," అన్నాడు. "ఇయ్యాల లేదని హోమోళ్ళకు నేను చెప్త." కారు తలుపు మూసుకున్న చప్పుడు, బండి వెనక్కి తిరిగిన చప్పుడు వినపడ్డాయి.

ఆయన చొక్కా వీపంతా తడిసింది. తాడు చుట్టుకున్నచోట చెయ్యి ఎర్రబడింది. నా వైపు చూడకుండా, పడుగును చూస్తూనే అన్నాడు.

"స్వర్ణా, శుక్రవారం సాయంత్రం వస్త. సోమవారం పొద్దుగాల పోత. ప్రతి వారం. ఆ మూడు రోజులు నువ్వు చూడొద్దు, నేను చూస్త. కడుగుడు గూడ నేనే. ఎట్ల చెయ్యాల్నో చెప్పు."

నా చేతిలోని రెండు పేజీలు ఆయన జేబులో పెట్టాను. రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి గనక ఆయన తీసుకోలేకపోయాడు. హిబా పెన్ను మూతపెట్టి, అరుగు దిగి వచ్చి, ఎండ పడకుండా మా అత్త వెనక గొడుగు పట్టుకుని నడుస్తోంది.

గంజి ఆరడానికి ఇంకో గంట పడుతుంది. ఆయన మోచేతులు వాలడం నాకు కనపడింది. అవతల నుంచి వస్తున్న మా అత్తకూ కనపడింది. ఆమె ఆయన ఎదుట ఆగి, వాలిన మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి పైకెత్తింది.

"జర ఓర్సుకో బిడ్డా," అంది. "దించకు."

ఆయన దించలేదు.